నిలువెత్తు పాలచెట్టు

మా పాలచెట్టుకు సంజాయిషీ నోటీసు వచ్చింది ఒక శుక్రవారం పూట. నోటీసు నాకు కాదు, చెట్టుకే. "మీ పెరుగుదల ఎందుకు సంతృప్తికరముగా లేదో ఏడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను. లేనిపక్షమున మిమ్ములను వేళ్లతో సహా తొలగించెదము" అని ఉంది అందులో. చెట్టును మీరు అన్నారు, ఆ మర్యాద మాత్రం నాకు నచ్చింది. తెచ్చిన బంట్రోతు దాన్ని చెట్టు మానుకు అంటించాలని చూశాడు. మాను నా బొటనవేలి కంటే కాస్త లావు. కాగితం బారెడు. ఎటు తిప్పినా కుదరక చెట్టు మొత్తానికీ కాగితం చుట్టి, దారం కట్టి, నా చేత వేలిముద్ర వేయించుకుని పోయాడు. నాకు సంతకం వచ్చు, మూడో తరగతి దాకా చదివాను, కానీ అతను అడగలేదు.

మా కోడలు రెడ్డెమ్మ అలసంద వడల పిండి చేతులతోనే బయటికి వచ్చి చూసింది.

"అత్తా, మన చెట్టును పొట్లం కట్టినారేంది" అంది.

"గాలాడదు, ముందు విప్పు" అన్నాను.

పాలచెట్టు అంటే పట్నం వాళ్లకు తెలియకపోవచ్చు. మా కొండల్లో ఉంటుంది. ఎండాకాలం వేపపండంత పచ్చటి పండ్లు కాస్తుంది. తింటే బెల్లం, తిన్నాక పెదవులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ చెక్క ఎంత గట్టిదంటే, మా నాయన కాలంలో గానుగ రోకళ్లు దానితోనే చేసేవారు. అయితే ఆ చెట్టుకు తొందర అనేది తెలియదు. నాటినవాడు పండు తినడు, వాడి మనవడు తింటే తింటాడు. అందుకే ఎవరూ నాటరు, ఉన్నవి కొట్టుకుంటూ పోయారు, ఇప్పుడు కొండెక్కి వెతికినా నాలుగైదు కనబడతాయో లేదో.

పన్నెండేండ్ల కిందట, నేను రాయచోటి నుంచి వస్తుంటే, ఘాటు మలుపులో బస్సు టైరు పోయింది. కండక్టరు పేరు కూడా గుర్తుంది, ఈరన్న, ఎడమ చెవికి పోగు ఉండేది. దిగి నిలబడితే ఒక ముసలామె గంపలో పాలపండ్లు పెట్టుకుని కూర్చుంది. నాకంటే ముసలిది. దొన్నెడు కొని తిని, పదకొండు గింజలు కొంగున కట్టుకొచ్చాను. పగిలిన కుండలో పెట్టాను. పది గింజలు మట్టిలో కలిశాయి. ఒకటి ఐదు నెలలకు తల ఎత్తింది. దాన్ని మేకలు రెండుసార్లు మేశాయి, ఒకసారి మా ఇంటాయన చూసుకోక దాని మీద మంచం వేశాడు. అన్నిటినీ ఓర్చుకుని పన్నెండేండ్లలో నా నడుము దాకా వచ్చింది. ఆయన పోయాక పొద్దున లేవగానే నేను మాట్లాడేది దానితోనే. అది తిరిగి ఏమీ అనదు, ఆ విషయంలో కూడా ఆయనలాంటిదే.

అలాంటి చెట్టును ఈ మండలిలో చేర్పించింది నేనే. తప్పు నాదే. "ఇంటింటా అరుదైన చెట్టు" అని ఊరంతా చాటింపు వేశారు. అరుదైన వృక్షాల త్వరిత వికాస మండలి అట. చెట్టు చుట్టూ కంచె వేసిస్తామన్నారు. మేకల భయం పోతుందని పేరు రాయించాను. చెట్టు కొమ్మకు నంబరు బిళ్ల కట్టారు. కంచె తర్వాత వస్తుందన్నారు.

మండలికి మా తావున పెద్ద పద్మనాభం గారు. బడి ఆవరణలో షామియానా వేసి మమ్మల్ని కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చారు.

"మన అరుదైన వృక్షములు ఎందుకు అరుదైనవి? నిదానము వలన. కావున మండలి నిదానమును నిర్మూలించుటకు కంకణము కట్టుకున్నది. ప్రతి వృక్షమునకు నాలుగు మెట్లు. మోకాలెత్తు, నడుమెత్తు, రొమ్మెత్తు, నిలువెత్తు. మూడు నెలలకొక తనిఖీ, తనిఖీకొక మెట్టు. వరుసగా రెండు తనిఖీలలో మెట్టు ఎక్కని వృక్షమును పురోగతి లేనిదిగా ప్రకటించి, తొలగించి, ఆ స్థానమున త్వరగా పెరుగు వృక్షమును నాటెదము."

మా వీధి చివర బట్టలు కుట్టే పీరమ్మ లేచి, "ఎవరి మోకాలు సారూ" అని అడిగింది. ఆమెకు కొలతల సంగతి తెలుసు.

"కొలత టేపుల కొనుగోలు ప్రక్రియ జరుగుచున్నది. అవి వచ్చువరకు తనిఖీ అధికారి శరీరమే ప్రామాణికము" అన్నారు పద్మనాభం గారు.

అందరూ తలలు ఊపారు. మేమూ బావిలో నీళ్లు మోకాలెత్తు ఉన్నాయనీ, జొన్న నిలువెత్తు పెరిగిందనీ చెప్పుకునేవాళ్లమే కదా, ఇందులో తప్పేముందని ఎవరికీ తోచలేదు.

మా వీధికి వచ్చిన తనిఖీ అధికారి దస్తగిరి. మంచి మనిషి. మా వాకిట్లోకి రావాలంటే నడుం దాకా వంగేవాడు, అంత పొడుగు. చెట్టు పక్కన నిలబడి కిందికి చూసుకున్నాడు.

"అవ్వా, మోకాలు దాటింది, నడుముకు అందలే. తొడ కాడ ఉంది."

"తొడెత్తు అని రాసుకో నాయనా."

"ఫారంలో తొడ లేదవ్వా. మోకాలే రాస్తాండా."

మూడు నెలలకు మళ్లీ వచ్చాడు. నేను ఆ మూడు నెలలూ బియ్యం కడిగిన నీళ్లు పోశాను, పేడ నీళ్లు పోశాను, పొద్దునా సాయంత్రం బతిమాలాను. ఒక ఆకు వేసింది. దస్తగిరి ఆ ఆకును వేలితో తాకి చూసి నిట్టూర్చాడు.

"పీక ఎత్తి నిలబడుకోమని చెప్పవ్వా దానికి" అని, మోకాలే రాసి పోయాడు.

ఆ తర్వాత వచ్చిందే ఈ నోటీసు.

ఏడో రోజు నేను, రెడ్డెమ్మ ఆఫీసుకు పోయాం. పద్మనాభం గారి బల్ల మీద గోడంత పట్టిక పరిచి ఉంది. మా నంబరు వెతికి, కళ్లజోడు సరిచేసుకున్నారు.

"సంజాయిషీ తెచ్చితిరా?"

"తెచ్చినా సారూ. అది పాలచెట్టు. అది అంతే పెరుగుతుంది. అదే సంజాయిషీ."

"అమ్మా, పొరుగు మండలములో సుబాబుల్ మూడు నెలలలో రెండు మెట్లు ఎక్కినది."

"సుబాబుల్ పండ్లు తిని చూడండి సారూ మరి" అంది రెడ్డెమ్మ. నేను ఆమె చేయి గిల్లాను.

"సారూ, దాన్ని పీకొద్దు. నాకు డెబ్బై ఎనిమిది. ఇంకో గింజ పెట్టి మళ్లీ ఇంత దాన్ని చూసే కాలం నాకు లేదు" అన్నాను.

పద్మనాభం గారు చెడ్డవారు కాదు. నాకు మంచినీళ్లు తెప్పించారు. కాసేపు పట్టిక చూశారు. ఉన్నట్టుండి ఆయన ముఖం వెలిగింది. దస్తగిరి చూసిన చెట్లన్నీ, నలభై రెండు చెట్లు, ఏ ఊరివైనా మోకాలి దగ్గరే ఆగి ఉన్నాయి. మిగతా అధికారుల చెట్లు ఎంతో కొంత ఎక్కాయి.

"ఈ అధికారి అడుగు పెట్టిన ప్రతి చోటా వృక్షములు కుంగుచున్నవి" అన్నారు నెమ్మదిగా. "దోషము వృక్షమునందు లేదు, సిబ్బందియందు కలదు."

పాపం దస్తగిరిని విత్తనాల గోదాముకు బదిలీ చేశారు, అక్కడ విత్తనాలు పెరిగే ప్రమాదం లేదని. మాకు ఇంకొక తనిఖీ అవకాశం ఇచ్చారు. పంపింది కుళ్లాయప్ప అనే ఆయనను.

కుళ్లాయప్ప నాకంటే రెండు అంగుళాలు పొట్టి. శుభ్రంగా ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. చెట్టు పక్కన నిలబడ్డాడు, నడుము దగ్గర చేయి పెట్టి చూశాడు, చెట్టు ఆ చేతికి పైనే ఉంది.

"నడుమెత్తు" అన్నాడు, రాశాడు.

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. రెడ్డెమ్మ ఆయనకు రెండు వడలు ఎక్కువ వేసింది.

ఆ మూడు నెలల్లో దస్తగిరి చూసిన నలభై రెండు చెట్లూ ఒక మెట్టు ఎక్కాయి. మండలిలో పండగ. కుళ్లాయప్ప హస్తవాసి మంచిదని పై ఆఫీసుకు రాశారు. పక్క జిల్లాల వాళ్లు ఆయనను వారానికి ఒక రోజైనా తమకు పంపమని అడుక్కునేవారు. ఆయన కోసం జీపు పంపేవారు. ఆయన ఇంట్లో పెండ్లి పెట్టుకుంటే, ముహూర్తం తనిఖీలకు అడ్డమని మండలి వాళ్లు పంతులుతో మాట్లాడి మార్పించారు. మా ఇంటికి రెండోసారి వచ్చేసరికి మనిషి సగమయ్యాడు, పొడవులో కాదు లెండి, బరువులో.

"అవ్వా, కొంచెం కూర్చుంటా. పొద్దుటి నుంచి అరవై చెట్ల పక్కన నిలబడుకున్యా" అన్నాడు.

"కూర్చో నాయనా" అని చెట్టు పక్కనే కుర్చీ వేశాను.

కూర్చున్నాడు. చెమట తుడుచుకున్నాడు. తల తిప్పి చూస్తే చెట్టు ఆయన రొమ్ము దగ్గర ఆడుతోంది. ఆయన చెట్టును చూశాడు. నన్ను చూశాడు. నేను కొండవైపు చూశాను.

"అవ్వా, అధికారి నిలబడే ఉండాలని రూల్లో యాడన్నా ఉందా?"

"నాకేం తెలుసు నాయనా. మూడో తరగతి చదివినదాన్ని."

రొమ్మెత్తు అని రాశాడు. ఆయన నిజాయితీపరుడు. ఆ సంగతి దాచలేదు, కుర్చీలో కూర్చుని కొలిచినట్టు కింద వివరం రాశాడు. అది చదివిన పద్మనాభం గారు కోప్పడతారని అనుకున్నాం. ఆయన ఆ కాగితం పట్టుకుని పై ఆఫీసుకు పోయారు. పది రోజులకు అచ్చు వేసిన ఆదేశం వచ్చింది. "ఆసీన తనిఖీ విధానము" అని పేరు. ఇకపై అధికారులందరూ, పొడుగు పొట్టి భేదం లేకుండా, కూర్చునే కొలవాలి. ప్రతి తనిఖీ జీపులో ఒక మడత కుర్చీ ఉండాలి. రాష్ట్రంలో అరుదైన చెట్లన్నీ ఒక్క రోజులో పెరిగాయి.

వచ్చిన చిక్కల్లా తర్వాతి తనిఖీ. మళ్లీ ఇంకో మెట్టు ఎక్కాలి కదా. కుర్చీలు పోయి పీటలు వచ్చాయి. పీటలు కూడా చాలవని శిక్షణ శిబిరం పెట్టారు. మడమల మీద గొంతుకు కూర్చోవడం నేర్పించడానికి. ఆఫీసర్లకు ఆ అలవాటు తప్పిపోయింది, ముప్ఫై ఏండ్లుగా కుర్చీల్లో ఉన్నవాళ్లు. పాపం ఇద్దరికి కాళ్లు పట్టేశాయి, లేవలేకపోయారు. నేర్పడానికి మా ఊరి నుంచే నలుగురు కళ్లం పని ఆడవాళ్లను పిలిపించారు, అందులో పీరమ్మ ఒకతె.

"ఏం నేర్పించినావే" అని అడిగాను.

"కాళ్లు మడిచి కూర్చోండి సారూ అన్యా. నోట్సు రాసుకున్యారు" అంది.

మూడోసారి కుళ్లాయప్ప వచ్చి మా చెట్టు పక్కన నేల మీద గొంతుకు కూర్చున్నాడు. చెట్టు ఆయన తల మీదుగా రెండు ఆకులు ఎత్తు పోయింది.

"నిలువెత్తు" అన్నాడు.

"గొంతుకు కూర్చుంటే నిలువెత్తు ఎట్లయితుంది నాయనా" అని అడిగాను. ఉండబట్టలేకపోయాను.

"నిలువు చెట్టుదవ్వా. కూర్చునింది నేను" అన్నాడు.

చెప్పొద్దూ, నాకు మనసులో చల్లగా ఉండింది. పీకేస్తారన్న భయం పోయింది. పద్మనాభం గారు స్వయంగా వచ్చి, నూరు శాతం పురోగతి సాధించిన తొలి వృక్షమని చెట్టుకు శాలువా కప్పారు. కప్పాక చెట్టు కనబడలేదు. శాలువాకు ఫొటో తీసుకుని పోయారు.

నెల తిరగకుండానే ఇంకో కాగితం వచ్చింది. రెడ్డెమ్మ చదివి పొయ్యి దగ్గరే కూలబడింది.

"అత్తా, చెట్టు పూర్తిగా పెరిగిందంట. పెరిగిన చెట్టును కోసేసి, ఆ జాగాలో కొత్తది నాటాలంట. సోమారం లారీ వస్తాదంట."

పెరగలేదని పీకేస్తామన్నారు. పెరిగిందని కోసేస్తామంటున్నారు. నేను ఆ రాత్రి అన్నం తినలేదు అంటే అబద్ధం, తిన్నాను, కానీ రుచి తెలియలేదు.

సోమవారం పదింటికి లారీ వచ్చింది. వెనకాల రంపం మిషను, మోకులు, ఎనిమిది మంది మనుషులు. కాంట్రాక్టరు గంగిరెడ్డి దిగి, మా పెరట్లోకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశంలోకి చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఎండకు భుజం మీది తువ్వాలు తీసి పక్కన ఆరేశాడు.

"అవ్వా, చెట్టు యాడుంది?"

"నువ్వు తువ్వాలు ఆరేసింది దాని మీదనే నాయనా."

గంగిరెడ్డి తువ్వాలు తీసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది పల్లు తోముకునేదానికన్నా వస్తాదా?"

"తోముకోవచ్చు గానీ నోట్లో పాలు జిగురవుతాయి."

"ఒరే, పక్కింట్లో చూసి రాండిరా. తప్పు ఇల్లేమో" అని మనుషులను పంపాడు. వాళ్లు వీధంతా తిరిగి పీరమ్మ ఇంట్లో మజ్జిగ తాగి వచ్చారు. లారీ వాడు బండి తిప్పుకునే చోటు లేదని విసుక్కున్నాడు. గంగిరెడ్డి ఫోను చేస్తే గంటలో పద్మనాభం గారు ఫైలు చంకన పెట్టుకుని వచ్చారు.

ఆయన మా చెట్టు దగ్గర నిలబడ్డారు. నిలబడి నిదానంగా చూడడం ఆయనకు అదే మొదటిసారి అనుకుంటాను. ఫైలు తెరిచారు. ఫైలు చూశారు, చెట్టును చూశారు. మళ్లీ ఫైలు చూశారు.

"ఫైలునందు నిలువెత్తు వృక్షము కలదు. మూడు సంతకములు, ఒక ముద్ర కలవు. ఇచ్చట నిలువెత్తు వృక్షము లేదు. కావున?"

ఫైలు మూశారు.

"కావున వృక్షము అపహరింపబడినది" అన్నారు.

"అంటే ఎవరో ఎత్తుకుపోయినారంటారా సారూ" అన్నాడు గంగిరెడ్డి.

"నిస్సందేహముగా."

"మరి ఇదేంది" అని గంగిరెడ్డి తువ్వాలుతో మా చెట్టును చూపించాడు.

"దీనికి ఫైలు లేదు. ఫైలు లేనిది మండలి దృష్టిలో వృక్షము కాదు. బిళ్ల అందువా? దొంగలు మనలను మభ్యపెట్టుటకు దీనికి కట్టిపోయినారు." ఆయనే వంగి బిళ్ల విప్పుకుని జేబులో వేసుకున్నారు.

అప్పుడు రెడ్డెమ్మ ఉన్నమాట చెప్పేసింది. ఎప్పుడూ అంతే, దానికి నోరు ఆగదు. "దొంగలూ లేరు, ఏమీ లేరు సారూ. కుళ్లాయప్ప సారు కూర్చొని కొలిచినాడు, అంతే. అదే చెట్టు ఇది."

పద్మనాభం గారు ముఖం తుడుచుకున్నారు. నా వైపు తిరిగి, తగ్గు గొంతుతో చెప్పారు. ఆ మాటలు మాత్రం మామూలుగానే మాట్లాడారు, అచ్చు కాగితంలా కాకుండా.

"అమ్మా, మీ కోడలు చెప్పింది మీరు రాసిస్తే నేను కాదనలేను. అప్పుడు కొలతలన్నీ కొట్టేస్తాను. అయితే అప్పుడు ఈ చెట్టు ఐదు తనిఖీల్లో ఒక్క మెట్టూ ఎక్కలేదని తేలుతుంది. ఈరోజే పీకించాలి, మనుషులు కూడా ఉన్నారు. దొంగతనమైతే చెట్టు పోయినట్టే, ఇక్కడ ఏమున్నా నాకు పట్టదు. కానీ దొంగతనానికి ఒక దొంగ ఉండాలి. పెరట్లో చెట్టు పెరట్లో వాళ్లకు తెలియకుండా పోదు."

ఎనిమిది మందీ నన్నే చూస్తున్నారు. చెట్టుకు కొత్తగా ఒక చిగురు వేసింది ఆ వారమే, ఎర్రగా, పిల్లల నాలుకలా ఉంది. దాన్ని చూశాను. ఇంతకు ముందు నేను ఎవరిదీ చీపురుపుల్ల కూడా ముట్టినదాన్ని కాదు. మా అమ్మ ఉంటే ఏమనేదో.

"నేనే సారూ. నేనే ఎత్తుకుపోయినా. రాసుకోండి" అన్నాను.

"ఒంటరిగానా" అని అడిగాడు గంగిరెడ్డి. పాపం నమ్మినట్టే ఉన్నాడు.

"ఒంటరిగానే నాయనా. అప్పుడు మోకాళ్ల నొప్పులు లేవు."

పద్మనాభం గారు రాశారు. ఈసారి వేలిముద్ర కాదు, నా పేరు ఓబుళమ్మ అని గుండ్రంగా సంతకం పెట్టాను. లారీ వెనక్కి వెనక్కి నడిపించుకుని పోయారు.

స్టేషన్‌లో ఎస్సై చిన్నవాడు. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఫైలు రెండుసార్లు చదివాడు.

"అవ్వా, నిజం చెప్పు. చెట్టు యాడ దాచినావు?"

"మా పెరట్లోనే ఉంది నాయనా. వచ్చి చూసుకో."

వచ్చి చూశాడు. ఇంత చెట్టు చూపిస్తే, అంత చెట్టు ఎక్కడ అని అడిగాడు. ఇదే అది అన్నాను. రెడ్డెమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, చెట్టు పక్కన గొంతుకు కూర్చుని, "నిందితురాలు విచారణకు సహకరించుట లేదు" అని రాసుకున్నాడు. ప్రతి నెలా ఒకటో తారీఖు స్టేషన్‌కు వచ్చి సంతకం పెట్టమన్నాడు. పెడుతున్నాను. ఆ రోజు పోలీసులకు వడలు తీసుకుపోతాను.

పోయిన నెల ఎస్సై వడ తింటూ, "అవ్వా, ఈ కేసు ఇట్ల లాగితే ఎట్ల. ఎత్తుకుపోయిన చెట్టు తిరిగి అప్పజెప్తే మూసేస్తా" అన్నాడు.

"అప్పజెప్తా నాయనా. నిలువెత్తు చెట్టే కదా. నలభై ఏండ్లు గడువియ్యి."

ఎస్సై నమలడం ఆపాడు. నేను తమాషా చేయడం లేదని చూశాడు. కాగితం తీశాడు, తల గోక్కున్నాడు, రాశాడు. "నిందితురాలు సొత్తును వాపసు ఇచ్చుటకు నలుబది సంవత్సరముల గడువు కోరుచున్నది." పూచీకత్తు ఎవరని అడిగితే రెడ్డెమ్మ పెన్ను లాక్కుని సంతకం పెట్టింది.

"పైకి పంపుతాండా. జవాబు వచ్చేదానికి శానా దినాలు పడతాదవ్వా" అన్నాడు ఎస్సై.

"పట్టనీ నాయనా" అన్నాను. "మాకేం తొందర."